రైలు వెళ్ళిపోయాక మాల్గుడి

మాల్గుడి అనగానే మన తరంలో చాలామందికి పుస్తకం కంటే ముందు ఒక ట్యూన్ గుర్తొస్తుంది. ఎల్. వైద్యనాథన్ కట్టిన ఆ బాణీ, ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, వీధుల్లో పరిగెత్తే స్వామి, ఒక చిన్న రైల్వే స్టేషన్. శంకర్ నాగ్ తీసిన 'మాల్గుడి డేస్' సీరియల్ దూరదర్శన్‌లో 1986-87 ప్రాంతంలో వచ్చింది. అప్పట్లో చూసినవాళ్ళు మా అక్కలూ అన్నయ్యలూ. మేం దాన్ని తర్వాత రీరన్లలో, ఇంకా తర్వాత యూట్యూబ్‌లో చూశాం. ఎప్పుడు చూసినా అది మనం సెలవులకి వెళ్ళే అమ్మమ్మగారి ఊరే అన్నట్టు అనిపించడం మాత్రం మారలేదు.

ఆ సీరియల్లో కనిపించే స్టేషన్ సెట్టింగ్ కాదు, నిజం స్టేషనే. పేరు అరసాళు. కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హొసనగర తాలూకాలోని ఒక పల్లెటూరు. శివమొగ్గ నుంచి తాళగుప్ప వెళ్ళే లైన్ మీద ఉంటుంది. ఊరి సీన్లు ఎక్కువగా తీసింది ఆగుంబెలో. ఆగుంబెకి రైలు లేదు. అంచేత ఊరు ఒకచోట, స్టేషన్ ఇంకోచోట, తెర మీద మాత్రం రెండూ కలిసి ఒకటే మాల్గుడి. తర్వాత ఆ లైన్లో మీటర్ గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చింది. 2020లో రైల్వే వాళ్ళు పాత స్టేషన్ భవనాన్ని బాగుచేసి 'మాల్గుడి మ్యూజియం' చేశారు. పక్కనే పాత మీటర్ గేజ్ బోగీ ఒకటి టీ కొట్టయింది.

జనం వెళ్తున్నారు, ఫోటోలు దిగుతున్నారు, "ఎంత ప్రశాంతంగా ఉందో" అని రీల్స్ పెడుతున్నారు. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. ఒక రచయిత ఊహించిన ఊరికి ప్రభుత్వ శాఖ ఒకటి మ్యూజియం కట్టడం ఈ దేశంలో అరుదైన విషయమే. కానీ అక్కణ్ణించి వెనక్కి పుస్తకాల్లోకి వెళ్తే ఒక ఇబ్బంది ఎదురవుతుంది. నారాయణ్ రాసిన మాల్గుడి స్టేషన్లో ప్రశాంతత చాలా తక్కువ. ఆ ప్లాట్‌ఫామ్ మీద ఎవరో ఒకరు కంగారు పడుతూనో, చిన్నబోయో, మోసపోతూనో ఉంటారు. సీరియల్లో మనం ప్రేమించిన స్టేషనూ, నవలల్లో ఆయన కట్టిన స్టేషనూ ఒకటి కావు. ఆ తేడా పట్టించుకోకపోతే నారాయణ్‌ని మనం 'స్వీట్ రైటర్' అనే డబ్బాలో పెట్టి మూత బిగించేస్తాం. ఇప్పటికే సగం బిగించేశాం కూడా.

*

మొదట మాల్గుడి ఎలా పుట్టిందో చూద్దాం. 1974లో వచ్చిన ఆత్మకథ 'మై డేస్'లో నారాయణ్ ఆ సంగతి చెప్పాడు. 1930 సెప్టెంబర్. బెంగళూరు. వాళ్ళ అమ్మమ్మ చూసిపెట్టిన మంచిరోజున ఒక నోటుబుక్ కొనుక్కుని కూర్చున్నాడు. ఏం రాయాలో తెలియక పెన్ను కొరుకుతుంటే, మాల్గుడి అనే ఊరు తన చిన్న రైల్వే స్టేషన్‌తో సహా సిద్ధంగా కళ్ళముందుకు వచ్చిందట. ఆ ప్లాట్‌ఫామ్ మీద స్వామినాథన్ అనే పిల్లాడు పరిగెడుతూ, దిగినవాళ్ళ మొహాల్లోకి తొంగిచూస్తూ, ఒక గడ్డపాయన్ని చూసి మొహం వికారంగా పెట్టాడట.

అంటే ఊరికంటే ముందు స్టేషన్ పుట్టింది. వీధులూ, సరయూ నదీ, ఆల్బర్ట్ మిషన్ స్కూలూ అన్నీ ఆ ప్లాట్‌ఫామ్ చుట్టూ తర్వాత లేచినవే.

ఇంతవరకూ చాలామంది చెప్పుకునే కథే. నాకు ఆసక్తి కలిగించింది ఆయన ఆ వెంటనే బ్రాకెట్లో పెట్టిన చిన్న మాట. చివరి ప్రతిలో ఒక్క మార్పు మాత్రం జరిగిందట: మాల్గుడి స్టేషన్ కథ చివరికి వెళ్ళింది. 1935లో అచ్చయిన 'స్వామి అండ్ ఫ్రెండ్స్' తీస్తే అది నిజమే. నవల ఒక సోమవారం పొద్దున, స్కూలంటే ఏడుపొచ్చే పిల్లాడితో మొదలవుతుంది. స్టేషన్ ఆఖరి అధ్యాయంలో వస్తుంది.

నా ఉద్యోగ భాషలో చెప్పాలంటే, వేల లైన్లున్న ఫైల్లో ఒక బ్లాక్‌ని పైనుంచి తీసి అడుగుకి జరిపాడు. కోడ్ రివ్యూలో ఇలాంటి మార్పు కనపడితే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఎందుకు జరిపావు?" నారాయణ్ జవాబు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేదు, ఆఖరి అధ్యాయమే చెబుతుంది.

రాజం వాళ్ళ నాన్న పోలీసు డిప్యూటీ సూపరింటెండెంట్. ఆయనకి ట్రాన్స్‌ఫర్ అయింది. స్వామి ఇల్లు వదిలి పారిపోయి క్రికెట్ మ్యాచ్‌కి రాలేకపోయాడని రాజం కోపంగా ఉన్నాడు, మాట్లాడటం మానేశాడు. స్వామి ఇంకా చీకటుండగానే స్టేషన్‌కి వస్తాడు. చేతిలో ఆండర్సన్ కథల పుస్తకం, ప్రాణస్నేహితుడికి చివరి కానుక. తీరా చూస్తే ప్లాట్‌ఫామ్ నిండా పోలీసులు, అధికారులు, సాగనంపడానికి వచ్చిన పెద్దలు. రాజం దొరల పిల్లాడిలా తయారై ఉన్నాడు, పక్కకెళ్ళి పలకరించడానికి కూడా భయం వేసేలా. రైలు కదిలాక పుస్తకం ఎలాగో మణి చేతుల మీదుగా రాజంకి చేరుతుంది. రాజం ఏదో అంటాడు. ఆ చప్పుడులో స్వామికి వినపడదు. రైలు వెనకున్న ఎర్రదీపం చిన్నదై, చిన్నదై, మలుపులో మాయమవుతుంది. అప్పుడు స్వామి మణిని అడుగుతాడు, రాజం దగ్గర నా అడ్రస్ ఉందా, ఉత్తరం రాస్తాడా అని. మణి రాస్తాడనే అంటాడు. కానీ మణి మొహం చూసి ఏమీ పోల్చుకోలేకపోతాడు స్వామి.

ఇక్కడ రెండు పరుగుల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1930లో ఊహకి తట్టిన మొదటి దృశ్యంలో స్వామి దిగుతున్నవాళ్ళ మొహాల్లోకి చూస్తూ పరిగెత్తాడు. అది కుతూహలం, అల్లరి. ఎవరొస్తున్నారో చూద్దామనే సరదా. అచ్చయిన నవలలో రైలు వెంట పరుగు పోతున్నవాడి కోసం. ప్లాట్‌ఫామ్ అదే, పిల్లాడూ వాడే. మధ్యలో పట్టిన దూరం ఒక నవలంత. స్టేషన్ని మొదట పెట్టి ఉంటే అది 'ఊరికి స్వాగతం' అయ్యేది. చివర పెట్టడం వల్ల, ఊరనేది రైలు వెళ్ళిపోయాక మిగిలేది అని అర్థమవుతుంది.

దీన్ని స్నేహం గురించిన ముగింపు అని మాత్రమే చదవడం నాకు సరిపోదు. రాజం ఎవరి కొడుకో మర్చిపోకూడదు. అదే నవలలో ఊళ్ళో నిరసన సభ జరుగుతుంది, స్వామి ఆవేశంతో స్కూలు కిటికీ అద్దాలు పగలగొడతాడు, పోలీసులు లాఠీచార్జి చేస్తారు. దాన్ని నడిపించిన అధికారి రాజం వాళ్ళ నాన్నే. అంటే రాజంని ఊరికి తెచ్చింది తెల్లదొరల ప్రభుత్వం, లాఠీ ఊపింది అదే, ట్రాన్స్‌ఫర్ కాగితంతో తీసుకుపోయింది కూడా అదే. స్వామికి ఇవేవీ తెలీవు. వాడికి తెలిసిందల్లా తన పుస్తకానికీ ఆ కిటికీకీ మధ్య చాలామంది యూనిఫామ్‌లు నిలబడ్డారని. పదేళ్ళ పిల్లాడు వలస పాలన గురించి తెలుసుకోగలిగేది అంతే. నారాయణ్ అంతకుమించి ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. ఆ నిగ్రహాన్నే మనం చాలాకాలంగా అమాయకత్వం అనుకుంటున్నాం.

*

1945లో వచ్చిన 'ది ఇంగ్లిష్ టీచర్'లో స్టేషన్ చిన్న దృశ్యమే. కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ హాస్టల్లో ఉండే కృష్ణ, పుట్టింటి నుంచి వస్తున్న భార్య సుశీలనీ నెలల పిల్లనీ దింపుకోవడానికి వెళ్తాడు. సంతోషంగా ఉండాల్సిన సందర్భం. కానీ మనిషి నిలవలేడు. బండి ఆగేదే కొద్ది నిమిషాలు. అంతలో పిల్లని ఎత్తుకుని సుశీల దిగగలదా, సామాను దిగుతుందా, ఎవరైనా తోస్తే? పెళ్ళాం బిడ్డల రాకకంటే రైలు టైమే ఆయన తల నిండా ఉంటుంది. తర్వాత టైఫాయిడ్‌తో సుశీల పోతుంది. 1939లో నారాయణ్ భార్య రాజం పోయింది కూడా టైఫాయిడ్‌తోనే. ఆ సంగతి తెలిసి వెనక్కొచ్చి చదివితే స్టేషన్లో కృష్ణ పడిన కంగారు నవ్వు తెప్పించదు. మనకి దొరికిన టైం ఇంతే అన్న భయం ఆ ప్లాట్‌ఫామ్ మీదే మొదలైంది.

ఇక 1958 నాటి 'ది గైడ్'. చిన్న స్టేషన్ ఒక ఊరిని ఏం చేస్తుందో ఇంత ఓపికగా, ఇంత నవ్విస్తూ చెప్పిన నవల నేనింకోటి చదవలేదు. 'స్వామి'లో స్టేషన్ అప్పటికే ఉంది. 'గైడ్'లో అది మన కళ్ళముందే కడతారు. చింతచెట్టు కింద ఆడుకునే పిల్లాడు రాజు. ఇంటి ముందున్న గుడిసె కొట్టులో తండ్రి బండివాళ్ళకీ రైతులకీ సరుకులు అమ్ముతూ ధాన్యం ధరలూ, వానలూ, కోర్టు తగాదాలూ మాట్లాడుతుంటాడు. ఒకరోజు లారీల్లో మట్టి వస్తుంది, కూలీలు వస్తారు, కట్ట లేస్తుంది. వాళ్ళ మధ్య తిరుగుతూ రాజు కొత్త బూతులు నేర్చుకుంటాడు. అవి తండ్రి చెవిన పడగానే బడిలో వేస్తారు. రైల్వే లైను రాజుకి ఇచ్చిన మొదటి చదువు బూతులు, రెండోది బడి. ఈ వరసలో ఉన్న చమత్కారం నారాయణ్‌ది.

స్టేషన్ తెరిచిన రోజు ఊరికి పండగే. తండ్రికి ప్లాట్‌ఫామ్ మీద కొట్టు దొరుకుతుంది. సిమెంటు కట్టడం, గోడల్లోనే అరలు. తన సరుకంతా సర్దినా ఇంకా ఖాళీ మిగిలేంత పెద్దది. అంతస్తు పెరిగింది కదా అని జట్కా బండీ గుర్రమూ కొంటాడు. వాటి ఖర్చు కొంపకొస్తుంది. ఆయనకి మనసు మాత్రం పాత గుడిసె కొట్టు మీదే, ఆ కబుర్ల మీదే. ఇది బాగా గమనించాల్సిన చోటు. అభివృద్ధి వస్తే పాతతరం ఎదిరించిందనో, ఎగిరి గంతేసిందనో రాయడం తేలిక. ఈ తండ్రి రెండూ చేయడు. కొట్టు తీసుకుంటాడు, అందులో ఇమడలేడు. హైవే వచ్చి ఊరవతలికి మారిన టిఫిన్ హోటల్ ఓనర్ని గానీ, మాల్‌లో షాపు అద్దెకి తీసుకున్న పాతబజారు బట్టల వ్యాపారిని గానీ చూసినవాళ్ళకి ఈయన ఎవరో చెప్పక్కర్లేదు.

తండ్రి పోయాక స్టేషన్ కొట్టు రాజుది. అతను పాత పుస్తకాలు, పత్రికలు కూడా పెడతాడు. పొట్లాలకని కొన్న కాగితాల్ని రైలుకీ రైలుకీ మధ్య కూర్చుని చదువుతాడు. ఏది దొరికితే అది, అర్థమైతే అయింది లేకపోతే లేదు. దిగినవాళ్ళు దారి అడుగుతారు, చూడాల్సిన చోట్లు అడుగుతారు. తెలియదు అనడం రాజుకి చేతకాదు. ఆ ఒక్క మాట నేర్చుకుని ఉంటే తన బతుకు ఇంకోలా ఉండేదని అతనే ఒప్పుకుంటాడు. అలా 'రైల్వే రాజు' అవుతాడు, గైడ్ అవుతాడు. ఒకరోజు మద్రాసు బండిలో మార్కో, రోజీ దిగుతారు. ఆ తర్వాత ప్రేమ, డబ్బు, ఫోర్జరీ, జైలు, చివరికి ఒక పల్లెలో దొంగ సాధువు వేషం. మధ్యలో ఎక్కడో స్టేషన్ కొట్టు అతని చేయి జారిపోతుంది. జారినప్పుడు అతనికి పెద్దగా బాధ కూడా లేదు. బాధ మనకే.

రాజు అబద్ధాలకోరు అని చాలా వ్యాసాలు రాశారు. నాకు అతని అబద్ధాలు గుణలోపం కంటే ఉద్యోగ ధర్మంలా కనిపిస్తాయి. రైలు పది నిమిషాలు ఆగుతుంది. దిగినవాడికి ఊరిని అర్థం చేసుకునే టైం లేదు, వాడికి కావలసింది ఒక కథ, అదీ వెంటనే. ఊరు తనని తాను బయటివాడికి నచ్చేలా చెప్పుకోవడం మొదలుపెట్టేది సరిగ్గా ప్లాట్‌ఫామ్ మీద. రాజు ఆ పని చేసిన మొదటి మనిషి. అలా చెప్పగా చెప్పగా చివరికి తనకి కూడా తానెవరో తెలియకుండా పోయింది. స్టేషన్ పెట్టిన అసలు ఖర్చు అది. జట్కా గుర్రం మేత దాని ముందు ఎంత?

1965లో విజయ్ ఆనంద్ తీసిన సినిమా గురించి ఒక్క మాట. దేవ్ ఆనంద్, వహీదా రెహమాన్, పాటలు, అన్నీ గొప్పవే. కానీ కథ మాల్గుడిని వదిలి ఉత్తరాదికి, ఉదయ్‌పూర్ వైపుకి వెళ్ళిపోయింది. నారాయణ్ ఆ విషయమై ఎంత విసిగిపోయాడో 'మిస్‌గైడెడ్ గైడ్' అనే వ్యాసంలో సరదాగానే రాసుకున్నాడు. అది రచయిత మొండితనం అని కొట్టిపారేయలేం. కట్ట వేసిన రోజు నుంచి చూసిన ఆ చిన్న స్టేషన్ లేకపోతే రాజు కేవలం ఒక అందమైన మోసగాడు. స్టేషన్ ఉంటేనే అతను ఊరి బిడ్డ.

*

మాల్గుడి మీద ఉన్న బలమైన అభ్యంతరాల్ని దాటేసి ఈ వ్యాసం ముగించడం న్యాయం కాదు. వి.ఎస్. నైపాల్ 1977లో 'ఇండియా: ఎ వూండెడ్ సివిలైజేషన్'లో నారాయణ్ నవలల్ని తీసుకుని, ఆ లోకం బయటి చరిత్ర నుంచి తప్పుకుని తనలో తాను ముడుచుకుందన్నట్టు వాదించాడు. మన హైదరాబాద్‌లో పాఠాలు చెప్పిన మీనాక్షి ముఖర్జీది ఇంకా సూక్ష్మమైన ప్రశ్న. ఇంగ్లిషులో రాసే భారతీయ నవలకి 'భారతీయత' గురించి ఒక ఆందోళన ఉంటుందనీ, అందువల్ల స్థానికమైన గరుకుతనం అరిగిపోయి అందరికీ చెల్లే ఒక హిందూ, అగ్రవర్ణ ఊరు తయారవుతుందనీ, మాల్గుడి అందుకు ఉదాహరణ అనీ ఆవిడ చూపించారు. తెలుగులోనో కన్నడలోనో రాసే రచయిత తన తాలూకాని ఇంత సాఫుగా చెప్పలేడు. యాస అడ్డొస్తుంది, కులం అడ్డొస్తుంది.

నైపాల్ మాటకి జవాబు స్టేషనే చెబుతుంది. బయటి లోకం మాల్గుడికి రాకపోవడం అన్నది ఎప్పుడూ లేదు. అది రోజూ టైంకి వస్తూనే ఉంది. పోలీసు అధికారిగా వచ్చింది, గుహల్లో బొమ్మల మీద పుస్తకం రాసే పండితుడిగా వచ్చింది. 1986 నాటి 'టాకటివ్ మ్యాన్'లో టింబక్టూ నుంచి వచ్చానని చెప్పుకునే డాక్టర్ రాన్‌గా వచ్చి, స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లోంచి కదలనని కూర్చుంది. పాపం స్టేషన్ మాస్టర్‌కి ఏం చేయాలో తోచక ఊళ్ళోవాళ్ళని బతిమాలుకుంటాడు. నారాయణ్ తప్పుకున్నది చరిత్ర నుంచి కాదు. రైల్లో ఉన్నవాడి వైపు నుంచి కథ చెప్పడం నుంచి. ఆయన కెమెరా ఎప్పుడూ ప్లాట్‌ఫామ్ మీదే ఉంటుంది. వచ్చినవాడు ఏమయ్యాడన్నది కాదు, వాడొచ్చి పోయాక ఉన్నవాడికి ఏమైందన్నదే ఆయన ప్రశ్న.

మీనాక్షి ముఖర్జీ ప్రశ్నకి మాత్రం నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆవిడ చెప్పింది స్టేషన్లో కూడా నిజమే. కట్ట పోసిన కూలీలు రాజు జ్ఞాపకంలో ముఖ్యంగా బూతులు నేర్పిన గుంపు. పోర్టర్లు కథకి అవసరమైనప్పుడు వస్తారు, సామాను దించేసి వెళ్ళిపోతారు. వాళ్ళకి ఆ రైలు ఏమిటి? బండి ఎక్కి ఊరి కట్టుబాట్ల నుంచి తప్పించుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మన దేశంలో చాలామందికి చిన్న స్టేషన్ అంటే పోగొట్టుకున్న స్నేహితుడు కాదు, ఊరు వదిలి బతకడానికి దొరికిన ఒకే ఒక్క దారి. వాళ్ళ వైపు నుంచి చూస్తే ఎర్రదీపం దూరమవడం విషాదం కాకపోవచ్చు. నారాయణ్ ఆ వైపు నిలబడలేదు. నిలబడినచోట అబద్ధం చెప్పలేదు, అంతవరకే ఆయనకి మార్కులు వేయగలం. మిగతా సగం కథ కోసం ఇంకో భాషలో, ఇంకో రచయిత దగ్గరికి వెళ్ళాల్సిందే.

*

ఇప్పుడు మళ్ళీ అరసాళు. ఊరు ఒక కథ చెప్పి బయటివాళ్ళని ఆకట్టుకోవడం రైల్వే రాజు పని. ఒక మలెనాడు పల్లెటూరి స్టేషన్, తనది కాని ఊరి పేరు పెట్టుకుని, దిగినవాళ్ళకి నచ్చే కథ చెప్పడం కూడా అదే పని. మలెనాడులో ఏటా విరగబడి కురిసే వానల మధ్య షూటింగ్ చేశారు. 'గైడ్' ముగిసేది వాన కోసం ఎండిపోయి ఎదురుచూసే పల్లెలో. నారాయణ్ ఇది చూస్తే కోప్పడి ఉండేవాడని నేను అనుకోను. తను రాసిన నవలే నిజమై ఎదురొచ్చిందని చిన్నగా నవ్వుకునేవాడేమో.

మ్యూజియం ఉండాలి. పిల్లలు వెళ్ళాలి, టీ తాగాలి, ఫోటోలు దిగాలి. నాకు కావలసింది ఒక్కటే. తిరిగొచ్చాక 'స్వామి అండ్ ఫ్రెండ్స్' ఆఖరి నాలుగు పేజీలు తీసి చదవాలి. వాట్సాప్‌లో ఆఖరిసారి 'టచ్‌లో ఉందాం' అనుకుని ఐదేళ్ళుగా ఒక్క మెసేజ్ కూడా పెట్టుకోని స్నేహితులు అందరికీ ఉంటారు. ట్రాన్స్‌ఫర్ల ఉద్యోగుల పిల్లలకి మరీ ఎక్కువ. స్వామి అడిగిన ప్రశ్నకి మణి దగ్గర సమాధానం లేదు, రచయిత దగ్గరా లేదు. తొంభై ఏళ్ళ తర్వాత కూడా ఆ ప్లాట్‌ఫామ్ మీద ప్రశాంతంగా నిలబడలేకపోతే, పుస్తకం మనల్ని సరిగ్గానే పట్టుకుందని అర్థం.